షోకేసు వెనక డ్రైవర్‌ని సమాధి చేసిన మహానుభావులారా

ఎలక్ట్రీషియన్ ఇప్పుడే వెళ్లాడు, ఒళ్లు ఇంకా మండుతోంది. హాల్లో షోకేసు ఎల్‌ఈడీ స్ట్రిప్పు నిన్న సాయంత్రం నుంచి రికార్డింగ్ డాన్సు స్టేజీలా టపటపా కొట్టుకుంటోంది. ఆ అబ్బాయి చూసి "అమ్మా, స్ట్రిప్పు బాగానే ఉంది, డ్రైవర్ పోనాది" అన్నాడు. డ్రైవరంటే 230 వోల్టుల కరెంటుని 12 వోల్టులకి దించి స్ట్రిప్పుకిచ్చే డబ్బా. సరే బాబూ మార్చీ అన్నా. "అదెక్కడున్నాదమ్మా?" అంటాడు!

ఎక్కడుందంటే ప్లైకీ గోడకీ మధ్యన. మేకులు కొట్టి, లామినేట్ అంటించి, చుట్టూ సిలికాన్ పూసి మరీ దాచారు మన ఇంటీరియర్ వాళ్లు. చెయ్యీ దూరదు, గాలీ దూరదు. అసలే ఆ డబ్బా వేడెక్కుతుంది, చాలాసార్లు స్ట్రిప్పు కన్నా ముందు అదే పోతుంది. వీళ్లకి తెలీదా? తెలుసు, పోయేనాటికి ఫోన్ ఎత్తరు కదా, వాళ్లకేటి.

ఇంకా విడ్డూరం వినండి. ఆ అబ్బాయి వైరు కన్నంలోంచి ఫోన్ దూర్చి డ్రైవర్ ఫొటో తీశాడు. దానిమీద 12 వోల్టులు, 5 ఆంప్స్ అనుంది, అంటే 60 వాట్లు. మిగిలిన స్ట్రిప్పు ముక్క ప్యాకెట్ మీదేమో మీటరుకి 14.4 వాట్లు. వేసింది 5 మీటర్లు. 72 అయింది కదా నాయనా! ఎక్కం వచ్చిన పిల్లాడెవడైనా చెప్తాడు, 80 వాట్లదో 100 వాట్లదో పెట్టమని. బిల్లులో మాత్రం "ప్రీమియం లైటింగ్" అని రాశారు, ఆ ఒక్క ముక్కకి పెన్ను బాగా కదిలింది.

"ఇంటి వైరింగ్ పాతది మేడమ్, అందుకే పోయుంటుంది" అన్నాడు ఆ ఇంటీరియరాయన అతి కష్టం మీద దొరికితే. 72 వాట్లంటే పాత గుండు బల్బు ఒకటి! మిక్సీ తిరుగుతోంది, ఫ్రిజ్ తిరుగుతోంది, ఈ దీపాల తోరణానికొచ్చేసరికి వైరింగ్ పాతదైపోయిందా?

అసలు వైరింగ్ అంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం చెప్పకుండా ఉండలేను. టీవీ బోర్డు నుంచి షోకేసుకి కొత్త రంగు గోడ మీద వైర్లు కప్పే కేసింగ్ పట్టీ ఎందుకు పాకిందో తెలుసా? గోడలో పైపు నిండిపోయింది, ఇంకో వైరు దూరదు. ఇల్లు కట్టినప్పుడు అంగుళం పైపు వెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకున్నా. మా బావగారు దగ్గరుండి ముప్పావు పైపు వేయించారు. "ఇన్ని వైర్లెందుకమ్మా, మనదేమైనా సబ్‌స్టేషనా" అని మేస్త్రీ ముందే నవ్వారు. 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి విజయనగరం అంతా రోజుల తరబడి చీకట్లో కూర్చుంది, ఆ దెబ్బకి ఇన్వర్టర్ పెట్టిద్దామంటే అప్పుడూ ఇదే పైపు! లైను లాగడానికి చోటు లేక ఒక్క హాలు ఫ్యానుతో సరిపెట్టుకున్నాం. పైపు మీద మిగిల్చిన ఆ డబ్బులు ఎవరు తిన్నారో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు కొత్త ప్లైని కోసి, డ్రైవర్ దగ్గర చిన్న తలుపు పెట్టాలంట. కార్పెంటర్ దసరా వెళ్లాకే వస్తాడంట. ఆ వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఇంటినిండా చుట్టాలు, బావగారు మొట్టమొదట దిగుతారు. ఆయనకి కుర్చీ ఆ కేసింగ్ పట్టీకి ఎదురుగానే వేస్తా.