బెట్టింగ్‌నీ పెట్టుబడినీ ఒకే గాటన కట్టొద్దు
జిమ్‌కి వెళ్లే క్రమశిక్షణ ఉన్న కుర్రాడు బెట్టింగ్‌ని కూడా పెట్టుబడిలాగే అదుపులో ఉంచుకోగలడని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మా పిన్ని కొడుకు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాడు. పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా పరుగు, సాయంత్రం జిమ్, ఒక్క రోజు మానడు. అదే మనిషి ఐపీఎల్ వచ్చిందంటే ఒక చేతిలో ప్రొటీన్ షేకర్, ఇంకో చేతిలో ఫోన్. తర్వాతి ఓవర్‌లో ఎన్ని పరుగులని రెండొందలు, పోతే నాలుగొందలు, అదీ పోతే ఎనిమిదొందలు. పోయింది రాబట్టాలన్న ఆ తొందర ముందు ఏ క్రమశిక్షణా నిలబడలేదు. చివరికి బండి అమ్ముకున్నాడు. షేరు కొంటే దాని వెనక ఒక కంపెనీ పనిచేసి సంపాదిస్తుంది. పందెంలో ఒకడి జేబులోది ఇంకొకడికి పోతుంది, మధ్యలో యాప్‌వాడి కోత. ఆ మాటకొస్తే షేర్ల ధర ఎటు కదులుతుందన్న దాని మీద ఒప్పందాలు కొని అమ్మే ఆప్షన్స్ ట్రేడింగ్‌ని కూడా పెట్టుబడి అనకండి. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్‌పై 2020 నుంచే నిషేధం ఉంది, ఆ ముక్క ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. మావాడిప్పుడు నెలకి రెండు వేలు ఇండెక్స్ ఫండ్ (మార్కెట్ సూచీలోని కంపెనీల షేర్లన్నీ కొనే ఫండ్) సిప్‌లో, అంటే నెలనెలా కట్టే పద్ధతిలో, వేస్తున్నాడు. బెట్టింగ్ యాప్ నా ముందే తీసేశాడు.