వ్యాను పైకప్పుకి బూజు

వాయుగుండం పుణ్యమా అని నెల్లూరులో వారం రోజులు ముసురు. వ్యాను అద్దాలు బిగించి వదిలేశాను, అదే నేను చేసిన పాపం. తలుపు తీయగానే గుప్పుమని ముక్కిపోయిన వాసన! పైకప్పు గుడ్డ మీద ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు. పొడిబట్టతో దులిపితే దుమ్మంతా నా కళ్లలోనే పడింది. బ్లీచింగ్ నీళ్లతో తుడిస్తే మచ్చ తెల్లబడింది, నాలుగు రోజులకు మళ్లీ అక్కడే మొలిచింది. గుడ్డ వెనక స్పాంజి ఆరనిదే ఎంత రుద్దినా దండగ. మైపాడు బీచ్ దగ్గర వ్యాను అద్దాలు మూసుకుని లోపలే పడుకున్న రాత్రి మా ఊపిరి తడే రేకుకి పట్టి చెమటలా కారింది మరి! బ్లీచింగ్‌తో వెనిగర్ కలిస్తే విషవాయువు వస్తుందని, అదంతా కడిగి, ఆరాకే వెనిగర్ కొట్టాను. ఇక తలుపులు బార్లా తీసి ఫ్యాను పెడదామంటే, మళ్లీ చినుకులు!