సవరణ: రిపేరైన పాత రివాల్వర్ గురించి

కడపలో ఒకాయన తాతగారి నాటి లైసెన్సు రివాల్వర్‌కి, సిలిండర్‌ని (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగాన్ని) ఆపే స్ప్రింగ్ మార్పించిన సంగతి మొన్న రాశాను. "ఇప్పుడు సిలిండర్ ఊగడం లేదు" అన్న మాటను చాలామంది "ఇక పేల్చుకోవచ్చు" అని తీసుకున్నారు. దయచేసి అలా అనుకోకండి.

కొత్త స్ప్రింగ్‌తో బాగయ్యేది ఆ స్ప్రింగ్ పని ఒక్కటే. అసలు చూడాల్సింది సిలిండర్‌లో తూటా కూర్చునే ప్రతి గదీ (ఛాంబర్) బ్యారెల్‌కి, అంటే బుల్లెట్ బయటికి వెళ్లే గొట్టానికి, సూటిగా వస్తోందా అన్నది. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే హ్యామర్ (తూటాను పేల్చే వెనకవైపు సుత్తి) మెల్లగా వెనక్కి లాగండి. అది నిలిచేసరికి సిలిండర్ కూడా లాక్ కావాలి. ఐదు ఛాంబర్లు బాగుండి ఆరోది వెంట్రుకవాసి వెనకబడినా, బుల్లెట్ బ్యారెల్ అంచును గీరుకుంటూ పోతుంది, సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి. పక్కనున్నవాళ్ల కళ్లకే ప్రమాదం. బ్యారెల్ లోపల నల్లటి ఉంగరంలాంటి గీత కనబడితే, ఎప్పుడో బుల్లెట్ ఇరుక్కుని బ్యారెల్ ఉబ్బిందేమో అని అనుమానించాలి. దాన్ని పేల్చే మాటే వద్దు.

ఇవన్నీ బాగున్నా సరే, నేను పేల్చమని చెప్పను. పాతకాలపు నల్ల తుపాకిమందు వాడే రోజుల్లో చేసిన రివాల్వర్లు ఇప్పటి తూటాల ఒత్తిడికి తట్టుకోకపోవచ్చు, లోహంలో సన్నటి పగులు కంటికి ఆనదు. ఊళ్లో లేత్ షాపుకి అసలు తీసుకెళ్లొద్దు. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకుల రిపేరుకీ, పరీక్షకీ లైసెన్సు ఉండాల్సిందే. అలాంటి లైసెన్సున్నవాళ్లు చూసి సరేననేదాకా తూటా ఎక్కించకండి.