ప్రజాభిప్రాయ సాగు: యాజమాన్య పద్ధతులు

వానకు గడ్డి మొలిచినట్టు ప్రజాభిప్రాయం తనంతట తానే మొలుస్తుందని నమ్మే అమాయకులు ఇప్పటికీ ఉన్నారు. అలా మొలిచేది కలుపు. చట్టసభలో ధర పలికే పంట కావాలంటే దున్నాలి, విత్తాలి, వేళకు మందు కొట్టాలి. ఈ సాగులోకి కొత్తగా దిగుతున్న కంపెనీలు, పరిశ్రమ సంఘాలు, ప్రభుత్వాల ప్రయోజనార్థం కొన్ని మెలకువలు ఇక్కడ ఇస్తున్నాం.

ముందు విత్తనం సంగతి. కొత్తవాళ్లు అబద్ధాన్ని నాటి నష్టపోతుంటారు. అది ఏపుగానే పెరుగుతుంది, కానీ ఎవరో ఒకరు పట్టి లాగితే వేళ్లతో సహా ఊడివస్తుంది. అనుమానం అలా కాదు, తుంగ జాతి. పైన ఎంత పీకినా కింద గడ్డ మిగిలే ఉంటుంది. ఈ వంగడాన్ని వృద్ధి చేసిన ఘనత ఎక్కువగా అమెరికా సిగరెట్ కంపెనీలదే. పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ లంకె ఉందని పరిశోధనలు వరసగా వస్తున్న కాలంలో, 1953 డిసెంబరులో, ఆ కంపెనీల పెద్దలు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో సమావేశమై హిల్ అండ్ నోల్టన్ అనే ప్రజాసంబంధాల సంస్థకు పని అప్పజెప్పారు. 1954 జనవరి 4న నాలుగు వందలకు పైగా పత్రికల్లో వాళ్ల ప్రకటన వచ్చింది. సిగరెట్ ఒంటికి మంచిదని అందులో ఎక్కడా లేదు. మీ ఆరోగ్యం కన్నా మాకేదీ ఎక్కువ కాదు, ఇంకా పరిశోధన జరగాలి, అందుకు సొమ్ము మేమిస్తాం అన్నారు. ఇంకా పరిశోధన జరగాలంటే కాదనేదెవరు? శాస్త్రవేత్తలు రోజూ అనే మాటే కదా! 1969 నాటికి అలాంటి ఒక కంపెనీ తన అంతర్గత పత్రంలో ‘అనుమానమే మన సరుకు’ అని రాసుకుంది కూడా. ఇంత నిజాయితీని కాగితం మీద పెట్టడం మాత్రం మంచి సాగు పద్ధతి కాదు.

నీటి విషయంలో ఖర్చుకు భయపడనక్కర్లేదు. దాన్ని మీడియా ఉచితంగా పారిస్తుంది. వందమంది నిపుణులు ఒక మాట మీద ఉంటే నూటొకటోవాణ్ణి వెతికి పట్టుకోండి. అతని పేరు ముందు డాక్టర్ అని ఉంటే చాలు, ఏ విషయంలో డాక్టరేటో స్క్రోలింగ్‌లో పట్టదు. స్టూడియోలో కుర్చీలు రెండే. ఒకదాంట్లో ఆ వందమంది తరఫున ఒకరు కూర్చుంటారు, రెండోదాంట్లో మీ మనిషి. చూసేవాళ్ల లెక్క ఒకటికి ఒకటి. పక్షపాతం చూపమని విలేకరిని అడగడం పాతకాలపు మోటు పద్ధతి. నిష్పక్షపాతంగా ఉండమని బతిమాలండి, అదే పని ఇంకా శుభ్రంగా జరుగుతుంది.

ఎరువు విషయంలో బస్తాల లెక్క కన్నా అదును ముఖ్యం. 1965లో చక్కెర పరిశ్రమకు చెందిన పరిశోధనా సంస్థ ఒకటి, 6,500 డాలర్లు ఇచ్చి హార్వర్డ్ శాస్త్రవేత్తల చేత ఒక సమీక్షా వ్యాసం రాయించుకుంది. గుండెజబ్బుల నేరం చాలావరకు కొవ్వు మీదికి నెట్టి, చక్కెరను పక్కకు తప్పించిన ఆ వ్యాసం 1967లో పేరున్న వైద్య పత్రికలో అచ్చయింది. డబ్బెవరిదో అందులో లేదు. బస్తా మీద కంపెనీ పేరు కనిపించిందా, ఎరువు చప్పబడిపోయినట్టే. అందుకే సంఘం పెట్టేటప్పుడు పేరు మీద శ్రద్ధ పెట్టాలి. పౌరులు, భవిష్యత్తు, స్వేచ్ఛ, బాధ్యత: ఈ నాలుగు మాటల్లో కనీసం రెండు పడాలి. చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు కాలుష్య నియంత్రణను అడ్డుకోవడానికి 1989లో పెట్టుకున్న కూటమి పేరు గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్. ఆ పేరు చూసి పొరపాటున చందా ఇచ్చేవాళ్లున్నా ఆశ్చర్యం లేదు.

ఇక గడ్డి. అట్టడుగు జనాన్ని ఇంగ్లీషులో గ్రాస్‌రూట్స్, అంటే గడ్డివేళ్లు, అంటారు. చట్టసభ్యుడి బల్ల మీద జనం ఉత్తరాలు గుట్టగా పడాలి. జనం రాయకపోతే మీరే రాయాలి. 1985లో టెక్సాస్ సెనేటర్ లాయిడ్ బెంట్సన్ తన దగ్గరకొచ్చిన ఇలాంటి గుట్టను చూసి, అసలు గడ్డికీ ప్లాస్టిక్ గడ్డికీ తేడా టెక్సాస్ వాడికి తెలుసునన్నాడు. ఆట మైదానాల్లో పరిచే కృత్రిమ గడ్డి పేరు మీద ఈ సాగుకు ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా స్థిరపడింది. ఇప్పుడు యంత్రాలొచ్చి దిగుబడి పెరిగింది. ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా చూడాలన్న నిబంధనను ఎత్తేసే ముందు, 2017లో, అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ప్రజాభిప్రాయం కోరింది. వచ్చినవి దాదాపు 2 కోట్ల 20 లక్షలు. అందులో దాదాపు 1 కోటి 80 లక్షలు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం 2021లో తేల్చింది. 85 లక్షలు బ్రాడ్‌బ్యాండ్ పరిశ్రమ డబ్బుతో పుట్టినవి. అవతలి పక్షాన 19 ఏళ్ల కుర్రాడొకడు ఒక్కడే 77 లక్షలు పంపాడు. ఏ సంస్థా పైసా ఇవ్వకుండా ఒంటరి కుర్రాడు పరిశ్రమకు ఇంత పోటీ ఇవ్వడం రంగానికి ఆందోళనకరం. ఈ పంటకు వచ్చే ముఖ్యమైన తెగులు ఒకే నమూనా: ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పు, ఒకే నిమిషంలో లక్షసార్లు. ప్రతి వందకూ ఒక కొత్త అచ్చుతప్పు కలిపితే సహజంగా కనిపిస్తుంది.

సాక్ష్యం చెప్పించేటప్పుడు నేలను బట్టి పోవాలి. 1990 అక్టోబరు 10న ఒక పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి వాషింగ్టన్‌లో కన్నీళ్లతో ఒక మాట చెప్పింది: ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసికందులను తీసి నేల మీద వదిలేశారని. పని నడిపింది మళ్లీ హిల్ అండ్ నోల్టన్. అనుభవం ఊరికే పోదు. ఆ సభ చూడ్డానికి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీలాగే ఉంది, కానీ అది సభ్యులు సొంతంగా పెట్టుకున్న మానవ హక్కుల బృందం. కాబట్టి ప్రమాణం లేదు, తప్పుడు సాక్ష్యమన్న కేసూ లేదు. ఇరాక్ మీద యుద్ధానికి మద్దతుగా మాట్లాడిన పలువురు సెనేటర్లు ఈ కథను ఉటంకించారు. 1991 జనవరిలో యుద్ధ తీర్మానం సెనేట్‌లో 52–47 ఓట్లతో నెగ్గింది.

కోత దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చట్టసభ్యుడికి సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. మీరు ముసాయిదా టైపు చేసి ఇస్తే సంతోషిస్తాడు. 2013లో బ్యాంకుల నియంత్రణను సడలించే ఒక బిల్లులో, 85 లైన్లకు గాను 70కి పైగా లైన్లలో సిటీగ్రూప్ సూచనలే ప్రతిబింబించాయని న్యూయార్క్ టైమ్స్ రాసింది. మిగతావి ప్రజాప్రతినిధుల సొంత కృషి అని మనం నిండు మనసుతో ఒప్పుకోవాలి.

చివరగా వ్యవధి. పురుగుమందు డబ్బా మీద, కొట్టిన ఎన్నాళ్లకు కోయాలో రాసి ఉంటుంది. ఇక్కడ లెక్క తిరగబడి, కోసిన ఎన్నాళ్లకు నిజం మొలుస్తుందో చూసుకోవాలి. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని 1992 జనవరిలో తెలిసింది. యుద్ధం అంతకు పది నెలల ముందే ముగిసింది. నకిలీ అభిప్రాయాల లెక్క తేలడానికి మూడేళ్లకు పైగా పట్టింది. అన్నిటికన్నా దీర్ఘకాలిక రకం చక్కెరదే, 2016 దాకా బయటపడలేదు. రాసినవాళ్లు, రాయించినవాళ్లు అప్పటికే లేరు. చక్కెర పరిశ్రమ సంఘం మాత్రం, మరింత పారదర్శకంగా ఉండాల్సిందని, అయితే నిధులెవరివో చెప్పడం ఆ రోజుల్లో ఆనవాయితీ కాదని ఒక ప్రకటన ఇచ్చింది. సాగుదారులు ఈ ప్రకటన నమూనాను విత్తనంతోపాటే తెచ్చుకుని, తేదీ ఖాళీగా వదిలి, తడి తగలని చోట దాచుకోగలరు.