మహారాజశ్రీ ఉంగరాల లెక్క గారికి

మహారాజశ్రీ సూపర్ బౌల్ ఉంగరాల లెక్క గారి దివ్యసముఖానికి, న్యూజెర్సీలో కాపురముంటున్న ఒక బఫెలో బిల్స్ జట్టు అభిమాని నమస్కరించి విన్నవించుకొను విశేషములు.

ఉభయ కుశలోపరి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఫైనలైన సూపర్ బౌల్ గెలిచిన జట్టువారికి ఇచ్చే ఉంగరాలు ఎవరికెన్ని ఉన్నాయో చూసి, క్వార్టర్‌బ్యాకులలో, అంటే జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాళ్ళలో, ఎవరు గొప్పో తేల్చేవారు తమరు. తమరు దివ్యంగా ఉన్నారన్న సంగతి మొన్న ఆదివారం మా మిత్రుని ఇంటి బేస్‌మెంటులో కళ్ళారా చూశాను కనుక తమ యోగక్షేమాలు అడగనవసరం లేదు. నా క్షేమం చెడిన వైనం చెప్పుకోవడానికే ఈ లేఖ.

ఒంటిగంట ఆటకు రమ్మని పిలిస్తే, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటానని నా భార్యకు మాట ఇచ్చి వెళ్ళాను. రెండో క్వార్టర్ నడుస్తుండగా ఎవరో "ఎవరెన్ని చెప్పినా బ్రేడీ తరువాతే ఎవరైనా" అన్నారు. ఆ మాటతో తెర మీది ఆట అనాథ అయిపోయింది. బోస్టన్‌లో చదువుకున్న మా ఆతిథేయి, ఆ ప్రాంతపు జట్టు పేట్రియట్స్‌కు ఆడిన టామ్ బ్రేడీ పక్షం. కాన్సస్ సిటీలో ఆరేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినాయన అక్కడి క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ పక్షం. మహోమ్స్ చేతికి వచ్చిన మూడు ఉంగరాలతో పాటు రాబోయే ఉంగరాలను కూడా ఇప్పుడే జమ వేసి మాట్లాడతాడు. కాలిఫోర్నియా నుంచి ఇటీవల ఇటు మారిన పెద్దాయన శాన్‌ఫ్రాన్సిస్కో పాత క్వార్టర్‌బ్యాక్ మోంటానా పక్షం. నేను న్యాయం పక్షమని అనుకున్నాను; అంటే డాన్ మరీనో, జిమ్ కెల్లీ, జాష్ అలెన్ వంటి, ఒక్క ఉంగరమూ లేని బోడి వేళ్ళ క్వార్టర్‌బ్యాకుల పక్షమన్నమాట.

నేను ఊరికే వెళ్ళలేదు, చదువుకొని వెళ్ళాను. పాతకాలపు క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ ఆడిన రోజుల్లో బంతి గాలిలోకి లేచేదాకా, పాసు అందుకోబోయే రిసీవరును మైదానం పొడవునా కుమ్మే హక్కు డిఫెండర్లకు ఉండేదని, 1978లో నియమం మార్చి అయిదు గజాలు దాటాక తాకరాదన్నారని, 2004లో ఆ నియమాన్ని గట్టిగా అమలు చేయమన్న ఏడాదే పేటన్ మానింగ్ అనే క్వార్టర్‌బ్యాక్ 49 టచ్‌డౌన్ పాసులు, అంటే ప్రత్యర్థి గీత దాటించిన పాసులు, విసిరి 1984 నాటి మరీనో 48ని దాటాడని, సీజను 12 ఆటల నుంచి 14కు, 16కు, 2021లో 17కు పెరిగిందని, కాబట్టి ఒక కాలపు అంకెను మరో కాలపు అంకె పక్కన పెట్టే ముందు తూకపు రాయి మారిందేమో చూసుకోవాలని, పులావు ప్లేటు చేతిలో చల్లారిపోతున్నా లెక్కచేయకుండా, అరగంట సేపు విడమరిచి చెప్పాను. పెద్దాయన తల ఊపుతున్నాడు. ఆతిథేయి కూడా కొంచెం మెత్తబడ్డాడు. ఇరవై ఏడేళ్ళ అమెరికా జీవితంలో నా మాట నలుగురూ వినడం అదే మొదటిసారేమో.

అప్పుడు మెట్ల మీద కూర్చుని చిప్స్ తింటున్న ఆతిథేయి కుమారుడు, పదో తరగతి పిల్లవాడు, ఫోను ఒళ్ళో పెట్టుకొని, "హౌ మెనీ రింగ్స్, అంకుల్?" అని అడిగి, ఒక చేతి వేళ్ళు అయిదూ, రెండో చేతి వేళ్ళు రెండూ పైకెత్తి బ్రేడీ ఉంగరాల లెక్క చూపించాడు.

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. 1978 నియమం, 2004 అమలు, తూకపు రాయి, అన్నీ ఆ ఏడు వేళ్ళ ముందు కొట్టుకుపోయాయి. ఆ పిల్లవాడు మరీనో ఆటను ఎన్నడూ చూసి ఉండడు. నేనూ 1984 నాటి మరీనోను పాత టేపుల్లోనే చూశాను. ఆ విషయం ఆ రోజు బయటపెట్టలేదు, తమరితో మాత్రం చెబుతున్నాను.

ముంజేతి కంకణానికి అద్దమెందుకని మన పెద్దలు అన్నారు. వేలి ఉంగరానికి బుద్ధి కూడా అక్కరలేదని తమరు నిరూపించారు. తమరి పాండిత్యం మీద గౌరవంతోనే కొన్ని సందేహాలు అడుగుతున్నాను, దయచేసి తీర్చండి.

ముందుగా తమరి ఇలవేల్పు బ్రేడీ గారి సంగతే చూద్దాం. 2002 ఫిబ్రవరిలో తన మొదటి సూపర్ బౌల్‌లో ఆయన విసిరిన పాసుల మొత్తం 145 గజాలు. చివరి క్షణంలో 48 గజాల దూరం నుంచి బంతిని గోలు స్తంభాల మధ్యకు తన్ని ఆట గెలిపించినవాడు ఆడమ్ వినాటియెరి అనే కిక్కర్. తమరు బ్రేడీకి ఉంగరం జమ వేశారు. 2018 ఫిబ్రవరిలో అదే బ్రేడీ, అంతకంటే ఎంతో పెద్ద బ్రేడీ, 505 గజాలు విసిరాడు, మూడు టచ్‌డౌన్లు సాధించాడు, ఒక్క ఇంటర్‌సెప్షన్, అంటే ప్రత్యర్థి చేతిలో పడే పాసు, ఇవ్వలేదు. ఫిలడెల్ఫియా తరఫున అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడితే వచ్చిన నిక్ ఫోల్స్ 41-33తో గెలిచాడు. తమరు బ్రేడీకి సున్న వేశారు. మనిషి ఒకడే, చొక్కా ఒకటే, కోచ్ ఒకడే. 145కు బంగారం, 505కు బోడి వేలు. ఇది ఏ ఊరి తూకం? మధ్యలో 2015 ఉంగరం సంగతి ఉండనే ఉంది: సియాటిల్ జట్టు గీతకు ఒక్క గజం దూరంలో నిలబడి విసిరిన బంతిని మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రవాడు లాక్కున్న క్షణంలో, ఆ ఉంగరం ఎవరి ఖాతాలో పడిందో ఆ మహానుభావుడు మైదానం అంచున నిలబడి, మనలాగే గుండె చేత్తో పట్టుకొని చూస్తున్నాడు.

బ్రేడీ గొప్పవాడు కాదని నేను అనడం లేదు. జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, ఆరో రౌండులో 199వ వాడిగా ఎంపికై అంతటివాడు కావడం అసాధారణం. ఆయన గొప్పతనాన్ని చెప్పడానికి 505 గజాల ఆ ఓటమి చాలుననీ, దాన్నే తమరు ఖాతాలోంచి కొట్టివేశారనీ నా బాధ.

పేటన్ మానింగ్ 2013 సీజనులో 55 టచ్‌డౌన్ పాసులు విసిరి, లీగు చరిత్రలోనే అత్యధికమనిపించుకొని, సూపర్ బౌల్‌లో 43-8తో ఓడాడు. రెండేళ్ళ తరువాత, భుజంలో సత్తువ ఉడిగి, సీజను మొత్తం మీద 9 టచ్‌డౌన్లకు 17 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చి, మధ్యలో బెంచి మీద కూడా కూర్చొని, చివరికి డెన్వర్ డిఫెన్సు మోసుకొచ్చిన పల్లకిలో కూర్చుని ఉంగరం తెచ్చుకున్నాడు. ఆయన తమ్ముడు ఈలై సంగతి నేను ఎత్తదలచుకోలేదు. సీజను ఆటల్లో 117 గెలిచి, సరిగ్గా 117 ఓడినవాడికి అన్నకు ఉన్నన్ని ఉంగరాలే ఉన్నాయని మాత్రం గుర్తుచేస్తాను.

మరీనోకు సున్న. ట్రెంట్ డిల్ఫర్‌కు ఒకటి. 2000 సీజనులో బాల్టిమోర్ డిఫెన్సు 16 ఆటల్లో ప్రత్యర్థులకు ఇచ్చినవి 165 పాయింట్లే. ఆ కోటగోడ వెనుక నిలబడి బంతి చేజార్చకుండా ఉండడమే డిల్ఫర్ ఉద్యోగం, ఆ ఉద్యోగం ఆయన నిజాయితీగా చేశాడు. ఉంగరం చేతికి ఇచ్చిన జట్టే మరుసటి సంవత్సరానికి ఆయన్ను వద్దని పంపించింది. ఆయన విలువ ఎంతో ఆ జట్టుకు తెలుసు, తమరికే తెలియలేదు. బ్రేడీ వెనుక బెంచి మీద కూర్చున్నందుకు జిమ్మీ గరాపొలోకు కూడా రెండు ఉంగరాలు ఉన్నాయి. గుంపులో గోవిందా అన్నవాళ్ళందరికీ ప్రసాదం దక్కినట్టు దక్కిన ఆ రెండింటితో, తమరి పద్ధతిలో, ఆయన పేటన్ మానింగ్‌కు సమానం, మరీనోకు రెండింతలు. సున్నకు రెండింతలు ఎంతో తమరే చెప్పాలి.

అంతెందుకు, 2005లో రష్యా వెళ్ళిన పేట్రియట్స్ యజమాని రాబర్ట్ క్రాఫ్ట్ తన ఉంగరాన్ని చూడమని పుతిన్ చేతికి ఇస్తే, అది తిరిగి రాలేదు. కానుకగా ఇచ్చానని అప్పట్లో చెప్పుకున్న క్రాఫ్ట్, 2013లో తాను ఇవ్వలేదని చెప్పాడు. అది ఎలా వెళ్ళిందన్న తగాదా వాళ్ళది. నా సందేహం ఒకటే: పుతిన్ గారు కూడా మరీనో కంటే గొప్ప క్వార్టర్‌బ్యాకేనా?

తమరి చిట్టా 1967 జనవరిలో మొదలవుతుంది, ఎందుకంటే సూపర్ బౌల్ పుట్టింది అప్పుడు. అంతకుముందు ఈ దేశంలో ఫుట్‌బాల్ ఆడినవారంతా ఏం చేసినట్టు? బార్ట్ స్టార్ అయిదు సార్లు లీగు విజేత. తమరి లెక్కలో రెండే. ఆటో గ్రేయమ్ 1946 నుంచి 1955 దాకా పదేళ్ళు ఆడి, ఆ పదేళ్ళూ తన లీగు ఫైనల్‌కు వెళ్ళి, ఏడు సార్లు గెలిచాడు. ఏడు! ఆ పిల్లవాడు ఎత్తి చూపించిన వేళ్ళు సరిగ్గా అన్నే. వాటిలో నాలుగు వేరే లీగులోవని తమరి తరఫున ఎవరైనా వాదిస్తే, అప్పుడు ప్రత్యర్థుల బలం చూడాలని, కాలం చూడాలని, పరిస్థితి చూడాలని ఒప్పుకున్నట్టే కదా? నేను అరగంట సేపు పులావు చల్లార్చుకొని చెప్పింది అదే కదా?

మోంటానా భక్తులది మరో వింత. నాలుగుకు నాలుగు గెలిచాడు, ఫైనల్లో ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు, కాబట్టి పదికి ఏడు గెలిచిన బ్రేడీ కంటే మిన్న అంటారు. ఆయన 1985, 1986, 1987 సీజన్లలో వరుసగా మూడుసార్లు తొలి ప్లేఆఫ్ ఆటలోనే ఇంటిముఖం పట్టాడు. ఫైనల్ దాకా వెళ్ళి ఓడడం కంటే గుమ్మంలోనే తన్నులు తిని రావడం గౌరవమన్నమాట. యునైటస్‌ను ఈనాటి మైదానంలో దింపితే ఏమవుతుంది, బ్రేడీని 1958లో దింపితే ఎముకలు మిగులుతాయా అని టీవీల్లో కాలయంత్రాలు నడిపే పెద్దమనుషుల గురించి మరోసారి వ్రాస్తాను. వాళ్ళకు కనీసం ఊహ ఉంది.

ఉంగరం చూపిస్తే తప్ప కట్టుకున్న భార్యను గుర్తుపట్టలేకపోయిన దుష్యంతుడికి దుర్వాసుడి శాపమనే సాకు ఉంది. తమరి భక్తులను ఏ మునీ శపించలేదే! కళ్ళెదుట ఆడుతున్నవాడిని గుర్తుపట్టడానికి వాళ్ళకు ఉంగరం ఎందుకు కావాలి?

ఇక నా ఇంటి గొడవ. 1998లో ఎమ్మెస్ చేయడానికి నేను బఫెలోలో దిగిన మొదటి చలికాలంలో, మా ఇంటి యజమాని హీటరు బాగుచేస్తూ, నేను అడగకుండానే, 1991 జనవరి సూపర్ బౌల్ గురించి చెప్పాడు. ఎనిమిది సెకన్లు మిగిలి ఉన్నాయి, బిల్స్ 20-19తో వెనుకబడి ఉంది, స్కాట్ నార్‌వుడ్ 47 గజాల నుంచి తన్నిన బంతి స్తంభాలకు కుడిపక్కగా పోయింది. జిమ్ కెల్లీ ఆ జట్టును వరుసగా నాలుగు సూపర్ బౌల్‌లకు తీసుకువెళ్ళాడు. అంతకు ముందుగాని ఆ తరువాతగాని మరెవరూ చేయని పని అది. నాలుగూ ఓడాడు. వినాటియెరి కాలు తగిలిన చోట క్వార్టర్‌బ్యాక్ దేవుడయ్యాడు, నార్‌వుడ్ కాలు తగిలిన చోట క్వార్టర్‌బ్యాక్ సామెత అయ్యాడు. రెండు చోట్లా క్వార్టర్‌బ్యాక్ చేసింది ఒకటే: పక్కన నిలబడి చూడడం.

2022 జనవరి 23 రాత్రి కాన్సస్ సిటీతో జరిగిన ప్లేఆఫ్ ఆట గురించి వ్రాయాలంటే నాకు ఇప్పటికీ చేయి వణుకుతుంది. పదమూడు సెకన్లు మిగిలి ఉండగా అలెన్ తన నాలుగో టచ్‌డౌన్ పాసుతో బిల్స్‌ను 36-33 ముందుకు తెచ్చాడు. ఆ పదమూడు సెకన్లలో మా డిఫెన్సు ద్వారాలు తెరిచి కాన్సస్ సిటీకి పసుపు కుంకుమలు పెట్టి పంపింది, స్కోరు సమమైంది. ఓవర్‌టైంలో నాణెం ఎగరేశారు. అలెన్ బొరుసు అన్నాడు, బొమ్మ పడింది. మహోమ్స్ వాళ్ళు బంతి తీసుకొని టచ్‌డౌన్ చేశారు, ఆట అయిపోయింది. ఓవర్‌టైంలో అలెన్ బంతిని ముట్టుకోనే లేదు. ఆ నియమం ఎంత దిక్కుమాలినదో లీగుకే సిగ్గనిపించి, ప్లేఆఫ్‌లలో ఇరు జట్లకూ బంతి దక్కేలా ఆ వసంతంలోనే మార్చింది. నియమం మారింది, ఫలితం మారలేదు. ఉంగరాల దారి అక్కడే మూసుకుపోయింది. ఇంకేం చేయాలయ్యా అతడు? నాణేన్ని కూడా తానే విసరాలా? డిఫెన్సులో కూడా తానే నిలబడాలా? యాభై ముగ్గురు ఆడే ఆటను ఒక్కడి వేలికి తొడిగి, ఆ వేలిని పట్టుకొని గొప్పవాడు, కానివాడు అని ముద్ర వేయడానికి నీకు ఎవడిచ్చాడు అధికారం? నువ్వు లెక్కవు కూడా కాదు. లెక్క చేతకాని వాళ్ళు పట్టుకునే వేళ్ళు నువ్వు!

క్షమించండి. తమరు అనే సంబోధన మధ్యలో జారిపోయినట్టుంది.

మాట వచ్చింది కనుక ఒక నిజం కూడా చెప్పేస్తాను. సూపర్ బౌల్‌లో అట్లాంటా మీద 28-3తో వెనుకబడి బ్రేడీ గెలిచిన రాత్రి నేను కూడా సోఫాలోంచి లేచి నిలబడ్డాను. బిల్స్ అభిమానిగా ఏటా రెండుసార్లు అతడిని శపించిన నోటితోనే ఒక కేక కూడా వేశాను. ఆ తరువాత పేట్రియట్స్ చేయించుకున్న ఉంగరంలో 283 వజ్రాలు పొదిగారని చదివి, ఆ అంకెలోని వెక్కిరింపు అర్థమై, ఒక్కడినే కూర్చుని నవ్వాను. తమరిలో కళ లేదని నేను అనలేను.

ఆ ఆదివారం ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. తెర మీది ఆట ఎవరు గెలిచారో బేస్‌మెంటులో ఒక్కరికీ తెలియదు. కారులో కూర్చుని ఫోనులో చూసుకున్నాను. నా భార్య తలుపు తీసి, ఏమీ అనకుండా, గోడ గడియారం వైపు చూసింది. నా దగ్గర ఏ వాదమూ లేదు.

చివరగా ఒక మనవి. రాబోయే ఏ ఫిబ్రవరిలోనైనా జాష్ అలెన్ వేలికి ఒక్కటంటే ఒక్క ఉంగరం ఎక్కిన పక్షంలో, ఈ లేఖను రద్దు చేసినట్టుగా భావించి చించివేయగలరు. ఆ రాత్రే నేను ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి, తలుపు కొట్టి, చూపుడు వేలు ఎత్తి చూపించి వస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
ఒక బోడి వేలి అభిమాని