పదిహేను సెకన్ల దీవెన, గంటంపావు చెరువు

ముందుగా అందరూ ఫోన్లో స్టాప్‌వాచ్ ఓపెన్ చేసి పక్కన పెట్టుకోండి. ఇది వేదాంత విషయం, స్టాప్‌వాచ్ లేకపోతే ఒక్క ముక్క అర్థం కాదు.

2021 మార్చిలో, ఇద్దరు మగాళ్ళ జంటనో ఇద్దరు ఆడాళ్ళ జంటనో దీవించొచ్చా అని అడిగితే, రోమ్‌లో మా కాథలిక్కుల సిద్ధాంతాలు చూసే ఆఫీసు ఏం చెప్పిందో గుర్తుందిగా, దేవుడు పాపాన్ని దీవించడు, దీవించలేడు అని. సరే అనుకుని అందరం పడుకున్నాం. 2023 డిసెంబర్ 18న అదే ఆఫీసు నుంచి, పోప్ ఫ్రాన్సిస్ ఆమోదంతో, ఫిదూచియా సుప్లికాన్స్ అని ఇంకో కాగితం వచ్చింది. ఇద్దరు మగాళ్ళో ఇద్దరు ఆడాళ్ళో జంటగా వచ్చి ఫాదర్ గారూ దీవించండి అంటే దీవించొచ్చట. ప్రపంచంలో సగం మంది చప్పట్లు, సగం మంది గుండెలు బాదుకోవడం, ఆఫ్రికా బిషప్పులైతే మా దగ్గర కుదరదు పొమ్మన్నారు. ఈ గోలకి ఆ ఆఫీసు పెద్ద కార్డినల్ ఫెర్నాండెజ్ గారు 2024 జనవరి 4న వివరణ ఇచ్చారు. అయ్యా కంగారు పడకండి, ఈ దీవెన పట్టేది 10 లేదా 15 సెకన్లు అని.

పదిహేను సెకన్లు. మన ఓటీపీకి కూడా పది నిమిషాలు వాలిడిటీ ఉంటుందండీ.

కార్డినల్ గారి ఉద్దేశం మంచిదే, నేను కాదనను, ఇంత చిన్న దీవెన కూడా ఇవ్వం అంటే ఎలా అని ఆయన బాధ. కానీ షరతులు చూడండి. బలిపీఠం ముందు వద్దు, గుడిలో నలుగురికీ కనపడే చోట వద్దు, పెళ్ళిబట్టలు వద్దు, పుస్తకంలో చూసి చదివే ప్రార్థన వద్దు, సివిల్ యూనియన్ (పెళ్ళి అనకుండా చట్టం జంటగా గుర్తించడం) తంతుతో పాటు అసలే వద్దు. జంటని దీవించొచ్చు గానీ వాళ్ళ కలయికని దీవించకూడదు. (సివిల్ యూనియన్ సంగతి మనకి బెంగ లేదులెండి, ఆ కాగితానికి రెండు నెలల ముందే, అక్టోబర్ 17న, మన సుప్రీంకోర్టు ఆ హక్కు లేదనేసింది, ఆ కేసులో ముందు నిలబడ్డ జంట మన హైదరాబాద్ వాళ్ళే.)

విశ్వాసిగా నా బాధ్యత అని ఇంట్లో టెస్ట్ చేశా. చెయ్యెత్తి సిలువ గుర్తు వేస్తూ "పిత పుత్ర పవిత్రాత్మ నామమున" అనేసరికి నాలుగు సెకన్లు అయిపోయాయి. పరలోక జపం నా స్పీడ్‌లో ఇరవై ఎనిమిది. మా ఉపదేశి గారి (గుళ్ళో ఫాదర్ గారికి సాయంగా ప్రార్థనలు నడిపించే ఆయన) స్పీడ్‌లో, అంటే జపమాలలో యాభయ్యో మంగళవార్త జపం దగ్గర ఆయన అందుకునే స్పీడ్‌లో, పద్దెనిమిది. అంటే సాక్షాత్తూ ప్రభువు నేర్పించిన ప్రార్థనే ఓవర్‌టైమ్, పనికిరాదు.

ఇప్పుడు మా విచారణకి (అంటే మా చర్చికి) ఒక జంట వచ్చిందనుకుందాం. ఎక్కడ నిలబెట్టాలి? బలిపీఠం కాదు, మధ్య దారి కాదు, మరియమ్మ గుహ దగ్గర నలుగురూ చూస్తారు, ఇక మిగిలింది జనరేటర్ రూమ్ పక్కన సైకిల్ స్టాండ్. ఫాదర్ గారు అటూ ఇటూ చూసుకుంటూ వస్తారు, ఉపదేశి గారు ఫోన్ పట్టుకుని స్టార్ట్ అంటారు. ఆరోగ్యం, పని, సమాధానం (అంటే శాంతి) ఇవ్వమని దేవుణ్ణి అడగండి అని కార్డినల్ గారే మోడల్ ఇచ్చారు కాబట్టి ఆరోగ్యం దాకా వచ్చారు, ఏడో సెకన్. పని దగ్గరికి వచ్చేసరికి ఇద్దర్లో ఒకడు హాచ్ అని తుమ్మాడు, ఫాదర్ గారు ఎంతైనా తెలుగువాడు కదా నోరు జారి "చిరంజీవ" అనేశారు. అయిపోయింది. ఇప్పుడు ఆ చిరంజీవ దీవెన కిందికి వస్తుందా రాదా, వస్తే తుమ్మినవాడికేనా పక్కవాడికి కూడానా, పక్కవాడికి కూడా అయితే అది జంటకా కలయికకా, ఉపదేశి గారు పీఠాధిపతి (బిషప్) గారికి ఫోన్, పీఠాధిపతి గారు రోమ్‌కి మెయిల్. సమాధానం మాత్రం ఎవరూ అడగలేదు, టైం అయిపోయింది.

మా బావమరిది భీమవరం అవతల రొయ్యల చెరువు తవ్వించాడు, ఫాదర్ గారిని పిలిచాడు. గంటంపావు. నాలుగు గట్లూ తిరిగారు పవిత్ర జలం చల్లుకుంటూ, ఒక్కో ఏరేటర్ దగ్గరా ఆగారు, మోటారు, జనరేటర్, మేత బస్తాలు, వనామీ సీడ్ (రొయ్య పిల్లలు) వచ్చిన ట్యాంకు, వైట్‌స్పాట్ జబ్బు రాకుండా ఒక స్పెషల్ ప్రార్థన, కౌంట్ బాగా రావాలని ఇంకోటి, చివరికి కాపలా కుక్క కూడా కాళ్ళలో తిరుగుతుంటే దాని నెత్తినా నాలుగు చుక్కలు. కుక్కకే ఇరవై సెకన్లు పట్టింది, నేను చూశా. ఆయన తప్పేం లేదు, మా సంప్రదాయమే అంత, పాత లాటిన్ ఆచార గ్రంథంలో తేనెటీగలకీ బీరుకీ జున్నుకీ దీవెనలున్నాయి, ఆఖరికి భూకంపాన్ని కొలిచే సీస్మోగ్రాఫ్‌కి కూడా ఉంది. బీరుకి వేరే షరతులేం కనపడలేదు.

ఆ చెరువు మొదటి పట్టుబడి రొయ్యలతోనే మా ఇంట్లో వేపుడు, మా తోడల్లుడు వచ్చాడు. ఆయన పాస్టర్, వాళ్ళది వేరే సంఘం, మా పోప్ గారంటే పడదు. ప్లేట్లో మూడోసారి రొయ్యలు వేసుకుంటూ "మీ రోమ్ వాళ్ళు పూర్తిగా చెడిపోయారు బ్రదర్, లేవీయకాండం చదవరా? మగవాడితో మగవాడు పడుకోవడం హేయము అని స్పష్టంగా ఉంది కదా" అన్నాడు. ఉంది, 18వ అధ్యాయంలో ఉంది. 11లో రెక్కలూ పొలుసులూ లేని జలచరాలన్నీ హేయములు అని కూడా ఉంది, మన తెలుగు బైబిల్లో అదే మాట. ఇది పాత జోకే, ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంది, హీబ్రూలో ఆ రెండూ వేరు వేరు మాటలు, పైగా అపొస్తలుల కార్యములు 10లో పేతురుకి ఆకాశం నుంచి రకరకాల జంతువులతో దుప్పటి దిగింది, చంపుకొని తిను అన్నాడు దేవుడు, కాబట్టి రొయ్యలు ఓకే అన్నాడు. ఒప్పుకున్నా. మాటలు వేరే, దుప్పటీ దిగింది.

కానీ బ్రదర్, అదే అధ్యాయం ఇంకొంచెం కిందికి దిగండి, 28వ వచనం. ఆ దుప్పటికి అర్థమేంటో పేతురే చెప్తున్నాడు, ఏ మనిషినీ నిషేధింపదగినవాడనీ అపవిత్రుడనీ చెప్పకూడదని దేవుడు నాకు చూపించాడు అని. ఏ మనిషినీ. దుప్పటి దిగింది మనుషుల కోసం, మీరు అందులోంచి రొయ్యలు మాత్రం ఏరుకుని దుప్పటి మడతపెట్టేశారు!

"అది సందర్భం వేరు, యూదులు కాని అన్యజనుల గురించి చెప్పిన మాట" అన్నాడు తోడల్లుడు. చూశారా, సందర్భం! ప్లేట్లోదానికి సందర్భం ఉంది, వడ్డీకి ఉంది, విడాకులకి ఉంది, ఈ ఒక్క విషయంలో మాత్రం సందర్భం అన్నవాడు సాతాను ఏజెంటు. సొదొమ సంగతీ ఇంతే, యెహెజ్కేలు 16లో దాని దోషం ఏంటో రాసుంది, గర్వం, తిండి సమృద్ధి, నిర్విచారమైన సుఖం, పేదలకి సాయం చెయ్యకపోవడం. ఆ వచనం మీద మా ఇరువైపులా ఎవరూ స్వస్థత సభ పెట్టగా నేను చూళ్ళేదు, పెడితే ముందు బెంచీలు ఖాళీ అవుతాయి. ఇక కొరింథీయుల మొదటి పత్రికలో "ఆడంగితనముగలవారు" అని మనవాళ్ళు పెట్టిన చోట గ్రీకులో ఉన్న మాటకి మెత్తన అని అర్థం, అదే మాట మత్తయి 11లో బట్టలకి వాడితే "సన్నపు బట్టలు" అయింది. దాని పక్కన "పురుష సంయోగులు" అని మనం చదివే మాటని, ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ జర్మన్‌లో మగపిల్లల్ని చెరిచేవాళ్ళు అని రాశాడు, 1946లో ఇంగ్లీషు ఆర్.ఎస్.వి. బైబిల్ వాళ్ళు ఆ రెండు మాటల్నీ కలిపి హోమోసెక్సువల్స్ అన్నారు, 1971కి వచ్చేసరికి వాళ్ళే మార్చుకున్నారు. పండితులకే కుదరని మాట మా తోడల్లుడికి మాత్రం మైకులో చాలా క్లియర్. ఆయన చొక్కా కూడా చాలా సన్నపు బట్ట, చెప్పలేదు, చుట్టం కదా.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశా.

మా విచారణలో కీబోర్డు వాయించే కుర్రాడు ఒకడుండేవాడు. విషయం బయటపడింది. ముందు క్వయర్‌లోంచి తీసేశారు, మా వాళ్ళే, మేమే, నేను కూడా ఆ మీటింగ్‌లో కూర్చుని నోరు మూసుకున్నవాణ్ణే. తర్వాత ఎవరో చెప్తే వాళ్ళ నాన్న ఒక ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళాడు, దయ్యం వదిలిస్తామని. మూడు రాత్రులు. నిద్ర లేదు తిండి లేదు, నూనె పోసి జుట్టు పట్టుకుని చెంపలు వాయించి బయటికి రా బయటికి రా అని అరిచారు పందొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి. ఆ మూడు రాత్రుల్లో ఒక్కడైనా వాచీ చూశాడా? పదిహేను సెకన్లయింది ఇక ఆపండి అన్నాడా ఒక్కడైనా? 1998లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులందరూ కూడిన చోట ఒక బిషప్ గారు అందరి ముందూ ఒక గే మనిషి తల మీద చెయ్యి పెట్టి వదిలించబోయాడు, టీవీ కెమెరాలు తిరుగుతుండగా. దీవించాలంటే సైకిల్ స్టాండ్, వదిలించాలంటే టీవీ కెమెరాలు. అదే కొరింథీయుల లిస్టులో, అదే వాక్యంలో, లోభులు, త్రాగుబోతులు, దోచుకొనువారు కూడా ఉన్నారు కదరా, నూటికి అయిదు వడ్డీ తీసుకుంటూ ముందు బెంచీలో కూర్చునేవాడి జుట్టు ఎవడైనా పట్టుకున్నాడా? వాడిచ్చిన ఫ్యాన్ కిందే కూర్చుని వింటున్నాం ప్రసంగం, రెక్కల మీద వాడి పేరు రాసుంది.

ఆ కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాడు. ఊరికి రాడు. వాళ్ళమ్మ ప్రతి నెలా మొదటి ఆదివారం కవర్లో వంద రూపాయలు పెట్టి పూజకి ఉద్దేశం (ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పే చీటీ) ఇస్తుంది, పేరు రాయదు. మొన్న ఆదివారం ఫాదర్ గారు వరసగా చదువుతూ పోయారు, ఫలానా వారి ఆత్మశాంతికి, ఫలానా వారి కొత్త ట్రాక్టర్‌కి, ఫలానా వారి రెండో పంటకి, మధ్యలో "దూరంగా ఉన్న ఒక బిడ్డ కోసం" అని ఒకటి చదివి తర్వాత దానికి వెళ్ళారు. నేను టైం చూశా. మూడు సెకన్లు. ఆవిడ అప్పటికే మోకాళ్ళ మీద ఉంది, ట్రాక్టర్ వాళ్ళు ఇంకా ఫోటోలు తీసుకుంటున్నారు.