వేగస్‌ని తిట్టేముందు మన జనరల్ మేనేజర్లని నిలదీయండి

"గోల్డెన్ నైట్స్ గొప్పేముంది, లీగ్‌ వాళ్ళే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు." అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2017లో కొత్తగా చేరిన లాస్ వేగస్ జట్టు గురించి మా కొలంబస్‌లో ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అరీనాలో పక్క సీటాయన అంటాడు, ఆఫీసులో అంటారు, వారాంతం భోజనాల దగ్గర మన తెలుగువాళ్ళూ అంటారు. 2018లో మొదలైన ఏడుపు, 2023లో వాళ్ళు లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచాక ఇంకా పెరిగింది. నేను మా కొలంబస్ జట్టు బ్లూ జాకెట్స్ అభిమానిని. వేగస్ కోసం జరిగిన ఆ డ్రాఫ్ట్‌లో బాగా దెబ్బతిన్న జట్లలో మాదీ ఒకటి. అయినా చెప్తున్నాను, ఆ డ్రాఫ్ట్‌లో వేగస్‌కి అన్యాయంగా ఏదీ దక్కలేదు. అన్యాయం జరిగింది వాళ్ళకంటే ముందు లీగ్‌లో చేరిన జట్లకి. అందులో మా ఊరు కూడా ఉంది.

ఐస్ హాకీ పెద్దగా చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎన్‌హెచ్‌ఎల్‌లోకి కొత్త జట్టు వస్తే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ పెడతారు. పాత జట్లు తమకి కావలసిన కొంతమందిని ప్రొటెక్ట్ చేసుకుంటాయి. మిగిలినవాళ్ళలోంచి కొత్త జట్టు ఏరుకుంటుంది. ఎంతమందిని దాచుకోవచ్చు అన్నదే అసలు విషయం. గొడవంతా అక్కడే.

2000లో కొలంబస్, మిన్నెసోటా వచ్చినప్పుడు పాత జట్లు 9 మంది ఫార్వర్డ్‌లని, 5గురు డిఫెన్స్‌మన్‌లని, ఒక గోలీని (గోల్‌కీపర్‌ని) దాచుకోవచ్చు. అంటే 15 మంది. రెండో గోలీని కూడా దాచుకోవాలంటే 7 ఫార్వర్డ్‌లు, 3 డిఫెన్స్. హాకీ మ్యాచ్‌కి ఒక జట్టు తరఫున దిగేదే 20 మంది. ఆ 20లో 15 మందిని తీసి పక్కన పెట్టుకున్నాక మిగిలేదెవరో మీరే ఆలోచించండి. నాలుగో లైనులో, అంటే ఆఖరి వరసలో ఆడేవాళ్ళు, గాయాలతో ఉన్నవాళ్ళు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డవాళ్ళు. అదీ రెండు కొత్త జట్లు పంచుకోవాలి. అట్లాంటా, నాష్‌విల్ అప్పటికి కొత్తవే కాబట్టి వాటిని వదిలేశారు. మిగతా 26 జట్లు తలా ఇద్దరిని వదులుకున్నాయి.

2017లో వేగస్‌కి వచ్చేసరికి 7 ఫార్వర్డ్‌లు, 3 డిఫెన్స్, 1 గోలీ. లేదంటే ఏ పొజిషన్ అయినా సరే 8 మంది స్కేటర్లు (గోలీ కాని ఆటగాళ్ళు), ఒక గోలీ. ఇక్కడ దాచుకునేది 11 మంది, లేదా 9 మంది. కానీ పాత జట్టు పోగొట్టుకునేది ఒక్కడినే. ప్రొఫెషనల్‌గా రెండేళ్ళు నిండని కుర్రాళ్ళ మీద వేగస్ చెయ్యి వేయడానికే వీల్లేదు. ఏటా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే అమెచ్యూర్ డ్రాఫ్ట్‌లో కూడా మొదటి పిక్ (ఎంచుకునే వంతు) ఏమీ ఇవ్వలేదు, లాటరీలో కింది నుంచి మూడో జట్టుకి ఉండే అవకాశమే ఇచ్చారు. చివరికి వాళ్ళకి దక్కింది 6వ పిక్. దీన్ని "లీగ్ దోచిపెట్టింది" అనేవాళ్ళు అసలు రూల్స్ ఒకసారి చదివారా?

పాత రోజుల్లో కొత్త జట్ల గతి ఏమిటో చూడండి. 1974-75లో వాషింగ్టన్ కాపిటల్స్ 80 మ్యాచ్‌లు ఆడి 8 గెలిచారు. 67 ఓడారు, 5 టై. సొంత ఊరు దాటి వెళ్తే వరసగా 37 ఓటములు. మార్చి నెలాఖరులో కాలిఫోర్నియా జట్టు మీద ఓక్లండ్‌లో గెలిచారు, సీజన్ మొత్తానికి బయట గెలిచింది అదొక్కటే. ఆ రాత్రి లాకర్ రూమ్‌లో ఆటగాళ్ళు చెత్తడబ్బా ఒకటి తీసుకుని, స్టాన్లీ కప్పులాగా తలపైకెత్తి ఊరేగించారు. ఇది చెప్పుకుని నవ్వుతుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఆ సీజన్ టికెట్లు కొన్నవాళ్ళు, పిల్లల్ని తీసుకుని వెళ్ళినవాళ్ళు ఏం పాపం చేశారని?

1992-93లో ఒటావా వచ్చింది, 84 మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, 70 ఓటములు. అదే ఏడాది శాన్ హోసే తన రెండో సీజన్‌లో 71 ఓడింది. 1999లో అట్లాంటా థ్రాషర్స్ వచ్చింది, మొదటి సీజన్‌లో 14 గెలుపులు. 2011లో ఆ జట్టే విన్నిపెగ్ వెళ్ళిపోయింది. అంతకుముందు ఫ్లేమ్స్ కూడా 1980లో అదే ఊరు వదిలి కాల్గరీ వెళ్ళారు. "అట్లాంటావాళ్ళకి హాకీ తెలీదు" అని తేల్చేస్తారు కెనడావాళ్ళు. యాజమాన్యం సరిగ్గా నడపలేదు, జట్టు ఏళ్ళతరబడి ఓడుతూనే ఉంది, అప్పుడు జనం రాలేదు. ఇందులో జనం తప్పేముంది?

మా సంగతి. 2000లో లీగ్‌కి 80 మిలియన్ డాలర్లు కట్టి చేరాం. మొదటి ఏడాది 28 గెలుపులు, 71 పాయింట్లు, ఇచ్చిన సరుకుకి అది మంచి ఫలితమే. ప్లేఆఫ్స్ మొహం చూసింది మాత్రం 2009లో. అప్పుడు డెట్రాయిట్ 4-0తో ఇంటికి పంపింది. ఒక ప్లేఆఫ్ సిరీస్ గెలవడానికి 2019 దాకా పట్టింది. 62 గెలుపులతో లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న టాంపాని 4-0తో పంపించాం. ఆ ఏప్రిల్‌లో నేషన్‌వైడ్ అరీనాలో గోల్ కొట్టిన ప్రతిసారీ ఫిరంగి పేలుతుంటే, ముసలాళ్ళు లేచి నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. ఒక్క మొదటి రౌండ్ గెలిచినందుకు! మాతోపాటు అవే రూల్స్‌తో వచ్చిన మిన్నెసోటా మూడో ఏటే కాన్ఫరెన్స్ ఫైనల్ (అంటే సెమీఫైనల్) ఆడింది కదా అంటారు. ఆడింది. జాక్ లెమేర్ లాంటి కోచ్, గాబొరిక్ లాంటి కుర్రాడు దొరికారు. అందరికీ దొరకరు కదా.

ఇక డబ్బు. 1992, 93లో కొత్త జట్లు కట్టింది 50 మిలియన్లు. మాది 80. వేగస్ యజమాని బిల్ ఫోలీ కట్టింది 500 మిలియన్ డాలర్లు. అది 30 జట్ల యజమానులు పంచుకున్నారు, తలా 16 మిలియన్ల పైమాట. ఇందులో ఆటగాళ్ళకి పైసా రాదు, ఎక్స్‌పాన్షన్ ఫీజు హాకీ ఆదాయం లెక్కలోకే రాదు. అంటే మీ జట్టు ఓనరు ఒక్క ఆటగాడిని వదులుకుని 16 మిలియన్లు జేబులో వేసుకున్నాడు. అలా డబ్బు పుచ్చుకున్న జట్టు తరఫున నిలబడి "అన్యాయం" అనడానికి మనకి నోరెలా వస్తోంది? 500 మిలియన్లు పుచ్చుకుని పనికిరానివాళ్ళని అంటగడితే అది అన్యాయం.

వేగస్ అంత బాగా ఆడటానికి అసలు కారణం జట్టులోకి ఎవరు రావాలో ఎవరు పోవాలో తేల్చే మన జనరల్ మేనేజర్ల భయం. మా కొలంబస్ కథే తీసుకోండి. జాష్ ఆండర్సన్, గోలీ కోర్పిసాలో లాంటివాళ్ళని వేగస్ ఎత్తుకుపోతుందేమోనని అప్పటి మా మేనేజర్ యార్మో కెకలైనెన్ బేరం పెట్టాడు. వాళ్ళ జోలికి రావద్దు, బదులుగా 2017 మొదటి రౌండ్ పిక్ తీసుకో, 2019 రెండో రౌండ్ పిక్ తీసుకో, ఇక ఆడలేని డేవిడ్ క్లార్క్‌సన్ కాంట్రాక్ట్ భారం కూడా నువ్వే మొయ్యి, మా జాబితాలోంచి విలియం కార్ల్‌సన్‌ని తీసుకో అని. కార్ల్‌సన్ ముందటి సీజన్‌లో కొట్టింది 6 గోల్స్. మూడో నాలుగో లైనులో ఆడించారు, పవర్‌ప్లేలో (ఎదుటి జట్టు ఆటగాడు శిక్షతో బయటున్న సమయంలో) పెద్దగా ఆడించలేదు. వేగస్ వెళ్ళిన మొదటి ఏడాది 43 గోల్స్ కొట్టాడు. ఆ మొదటి రౌండ్ పిక్‌ని వేగస్ విన్నిపెగ్‌తో మార్చుకుని, 13వ స్థానానికి ఎక్కి నిక్ సుజుకీని తీసుకుంది. సుజుకీ ఇప్పుడు మాంట్రియల్ కెప్టెన్. మేం కాపాడుకున్న ఆండర్సన్? 2020లో అతన్నీ అదే మాంట్రియల్‌కి పంపేశాం. లీగ్ ఏ రూలులోనూ కొలంబస్ మొదటి రౌండ్ పిక్ ఇచ్చితీరాలని రాయలేదు. ఒక్క ఆటగాడితో పోయేదాన్ని మూడింటికి పెంచుకున్నది మేమే.

ఫ్లోరిడా చేసింది ఇంకా దారుణం. జొనాథన్ మార్షెసో ఆ జట్టుకి డ్రాఫ్ట్ ముందటి సీజన్‌లో 30 గోల్స్ కొట్టాడు, జీతం ఏడున్నర లక్షల డాలర్లు. ఈ లీగ్‌లో అంత చవగ్గా అన్ని గోల్స్ దొరకడమే అపురూపం. నలుగురు డిఫెన్స్‌మన్‌లని దాచుకుందామని ఫార్వర్డ్‌లలో నలుగురినే ఉంచుకుని అతన్ని గాలికొదిలేశారు. పైగా రైలీ స్మిత్ పెద్ద కాంట్రాక్ట్ వదిలించుకోవాలని, ఒక నాలుగో రౌండ్ పిక్‌కి అతన్ని కూడా వేగస్‌కే ఇచ్చేశారు. వేగస్ మొదటి కోచ్ జెరార్డ్ గాలంట్‌ని ఎవరు పంపించారు? వాళ్ళే. 2016 నవంబరులో కరోలినాలో మ్యాచ్ ఓడాక ఉద్యోగం పీకేస్తే, సామాన్లతో టాక్సీ కోసం నిలబడ్డ ఫోటో హాకీ ప్రపంచమంతా చూసింది. ఆ కోచ్ కింద, మార్షెసో, స్మిత్, మా కార్ల్‌సన్ ముగ్గురూ కలిసి వేగస్ మొదటి లైను అయ్యారు. 2023 ఫైనల్‌లో వేగస్ ఓడించింది ఆ ఫ్లోరిడానే. ఫైనల్ చివరి మ్యాచ్ 9-3. స్మిత్ అందులో గోల్ కొట్టాడు, మార్షెసోకి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ వచ్చింది. చిత్రమేమంటే ఈ ఫ్లోరిడానే 1993లో లీగ్‌లో చేరినప్పుడు, పాత జట్లు ఒక్క గోలీనే దాచుకోవాలన్న రూలు వల్ల జాన్ వాన్‌బీస్‌బ్రూక్‌ని దక్కించుకుని, మూడో ఏటే ఫైనల్ ఆడింది. అప్పుడు వాళ్ళకి రూలు తీపిగానే ఉంది.

మిన్నెసోటా ఎరిక్ హాలాతో పాటు అలెక్స్ టక్‌ని కూడా ఇచ్చింది. అనహైమ్ తన డిఫెన్స్‌ని కాపాడుకోవడానికి షే థియొడోర్‌ని ఇచ్చింది. నో-మూవ్ క్లాజ్ (ఒప్పుకోకుండా జట్టు మార్చకూడదన్న షరతు) ఉన్న బియెక్సాని తప్పనిసరిగా ప్రొటెక్ట్ చేయాల్సి రావడం వల్ల వచ్చిన ఇరకాటం అది. ఆ క్లాజ్‌లు రాసిచ్చింది ఎవరు? 2005లో శాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తం మీద పరిమితి) వచ్చాక జీతం పెంచలేనిచోట ఆ హామీలు పంచిపెట్టింది ఈ మేనేజర్లే. వేగస్ అప్పటి మేనేజర్ జార్జ్ మెక్‌ఫీ ఏళ్ళతరబడి వాషింగ్టన్‌లో ఇదే పని చేసినవాడు. ఎవరికి ఎక్కడ నొప్పో అతనికి బాగా తెలుసు.

మన ఐపీఎల్‌లో 2022లో ఏం జరిగిందో గుర్తుందా? గుజరాత్, లక్నో కొత్తగా వచ్చాయి. వేలానికి ముందే ముగ్గురేసి ఆటగాళ్ళని ఎంచుకునే అవకాశం ఇచ్చారు. సన్‌రైజర్స్ వదులుకున్న రషీద్ ఖాన్‌ని గుజరాత్ పట్టుకుపోయింది, మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టింది. అప్పుడు హైదరాబాద్‌లో మనం తిట్టింది గుజరాత్‌ని కాదు, రషీద్‌ని పోగొట్టుకున్న మన యాజమాన్యాన్ని. హాకీలో కూడా న్యాయం అదే కదా.

ఇంకా నమ్మకం కుదరకపోతే సియాటిల్‌ని చూడండి. 2021లో క్రాకెన్ వచ్చింది, రూల్స్ అచ్చంగా అవే. కట్టింది వేగస్ కంటే ఎక్కువ, 650 మిలియన్లు. ఈసారి మేనేజర్లకి బుద్ధి వచ్చింది, మా వాడి జోలికి రావద్దని పిక్కులు పట్టుకుని ఎవరూ పరుగెత్తలేదు. కోవిడ్ వల్ల క్యాప్ పెరగకుండా ఆగిపోయింది. సియాటిల్ అప్పటి మేనేజర్ రాన్ ఫ్రాన్సిస్ కూడా బేరాలు కుదుర్చుకోలేకపోయాడు. ఫలితం 27 గెలుపులు, 60 పాయింట్లు. వేగస్‌కి మొదటి ఏడాది 51 గెలుపులు, 109 పాయింట్లు, స్టాన్లీ కప్ ఫైనల్. ఒకే రూలు ఒకరిని ఫైనల్‌కి తీసుకెళ్ళి, ఇంకొకరిని అట్టడుగున పడేసిందంటే తేడా రూల్లో లేదు. గోలీలనే చూడండి. మొదటి సీజన్‌లో వేగస్‌కి ఫ్లూరీ ఆపిన షాట్ల శాతం 92.7, సియాటిల్‌లో గ్రూబావర్‌ది 88.9. హాకీలో ఆ కాస్త తేడా చాలు, సీజన్ తలకిందులవుతుంది. అదే సియాటిల్ రెండో ఏట 100 పాయింట్లు సాధించి, కప్పు చేతిలో ఉన్న కొలరాడోని ప్లేఆఫ్స్‌లో ఇంటికి పంపింది. నాకు ఆ జట్టు కథ చాలా ఇష్టం, ఓపిగ్గా కట్టుకున్నారు.

వేగస్ 2023 కప్పు డ్రాఫ్ట్ దయ అనడం కూడా తప్పే. మొదటి సీజన్ నుంచి ఉన్నవాళ్ళు ఆరుగురే మిగిలారు. ఐకెల్, మార్క్ స్టోన్ ట్రేడ్‌లలో వచ్చారు, పియత్రాంజెలో పాత కాంట్రాక్ట్ అయిపోయి వచ్చిన ఫ్రీ ఏజెంట్. ప్లేఆఫ్స్‌లో నిలబడ్డ గోలీ ఎడిన్ హిల్‌ని శాన్ హోసే నుంచి నాలుగో రౌండ్ పిక్‌కి తెచ్చుకున్నారు. అతను అందరికీ అందుబాటులో ఉన్నవాడే, మనం ఫోన్ చేయలేదు. స్టోన్‌ని సీజన్‌లో గాయాల జాబితాలో పెట్టి క్యాప్ మిగుల్చుకుని, ప్లేఆఫ్స్‌కి దింపారన్న ఫిర్యాదు ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ టాంపా కూడా 2021లో కుచెరోవ్‌తో అదే చేసింది. కొత్త జట్టు కావడానికీ దానికీ సంబంధం లేదు.

వేగస్‌కి దక్కకూడని లాభం నా లెక్కలో ఒక్కటే. 2021లో సియాటిల్ డ్రాఫ్ట్ నుంచి వాళ్ళని మినహాయించారు. సియాటిల్ కట్టిన డబ్బులో వేగస్‌కి వాటా ఇవ్వలేదు కాబట్టి చెల్లుకు చెల్లు అంటారు. నేనొప్పుకోను. మినహాయింపు అనేది కాళ్ళూనుకోని జట్టుకి ఇచ్చే ఊతం. నాలుగేళ్ళలో ప్రతిసారీ ప్లేఆఫ్స్ ఆడి, ఒకసారి ఫైనల్ దాకా వెళ్ళిన జట్టుకి ఊతమెందుకు? లీగ్‌లో అందరికంటే బలమైన జట్లలో ఒకటి హాయిగా కూర్చుని చూస్తుంటే, ఏళ్ళతరబడి నానా తంటాలు పడుతున్న మేం ఇంకో ఆటగాడిని వదులుకున్నాం. తిట్టాలంటే దాన్ని తిట్టండి, నేనూ మీతో గొంతు కలుపుతాను.

ఇప్పుడు మళ్ళీ అట్లాంటా అంటున్నారు, హ్యూస్టన్ అంటున్నారు. ఆ రోజొస్తే 2017 రూల్స్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ఫీజు ఇంతకింత అడుగుతారు, ఆ ఊరి జనానికి మొదటి రోజు నుంచే గెలవగలిగే జట్టునివ్వాలి. వేగస్, సియాటిల్ రెండూ ఆసారి అందరిలాగే జాబితా ఇవ్వాలి, తలా ఒకడిని వదులుకోవాలి. ఇక మా కొలంబస్ మేనేజర్ సీట్లో అప్పుడు ఎవరున్నా సరే, ఫోన్ పక్కన పెట్టి, మొదటి రౌండ్ పిక్ జేబులోనే ఉంచుకుని, ఆ ఒక్కడినీ పోనివ్వాలి.